నాలుగో జెండా

ఫిబ్రవరి 6, మంగళవారం. సాన్ క్రిస్తోబల్.

డోన్యా ఒఫెలియా ఈసారి ప్యాకేజీకి పెట్టిన పేరు ‘మాయా ఆత్మతో ఐదు రోజులు’. ఆత్మ ఎవరిదండీ అని అడిగాను. నోరు మూసుకుని వ్యాన్ టైర్లలో గాలి చూడమంది. ఆమె టూర్ ఆఫీసులో నా హోదా సీనియర్ కల్చరల్ గైడ్. జూనియర్లు ఎవరూ లేరు.

ఇటినరరీ నేనే రాశాను. శుక్రవారం కొండ మీద మా మాయా పల్లె యాష్‌విత్స్ చేరడం. శని, ఆది, సోమ కార్నివాల్. మంగళవారం మధ్యాహ్నం నిప్పుల పరుగు. విభూది బుధవారం తిరుగు ప్రయాణం. క్లయింట్లు తొమ్మిదిమంది. ఫోటోలు నిషేధం. ఈ ముక్క ఏడుసార్లు రాశాను. ఎనిమిదోసారి నోటితో చెప్పాల్సి వస్తుందని తెలుసు.

ఈ ఏడు కార్నివాల్ ఆసామి మా పెదనాన్న లుకాష్. జాబితాలో పేరు రాయించి పదిహేడేళ్ళు ఎదురుచూశాడు. పండగ నడిచినన్ని రోజులూ వచ్చినవాళ్ళందరికీ జావ, మాంసం పులుసు, పోష్ సారా పోయాలి. ఆఖరి రోజు గుడి ముందు పాత ఇంటికప్పుల గడ్డి పరిచి అంటిస్తారు. ముందు ఆసామి, వెనక నాలుగు జెండాలు. ఆ మంటలోంచి మూడుసార్లు పరిగెత్తాలి. జెండాలు నాలుగూ ఉండాలి. ఒక్కటి తగ్గిందా, పదిహేడేళ్ళ ఎదురుచూపు ఆ గడ్డితోపాటే బూడిద.

జెండా పట్టమని ఎవరినీ ఊరికే అడగరు. పెద్దమనిషి పోష్ సీసాతో వస్తాడు, మోకరిల్లుతాడు, పావుగంట మంత్రంలాంటి మాటలు చెబుతాడు. ఆ సీసాలో మొదటి గ్లాసు తాగితే ఒప్పుకున్నట్టే. ఇక చచ్చినా వదలదు. అక్టోబర్ నుంచి మావాళ్ళ ఇళ్ళకి సీసాలు వెళుతున్నాయి. మా అన్నలిద్దరికీ వెళ్ళాయి. ముక్కు చీదుకోవడం సరిగ్గా రాని మా మేనత్త కొడుక్కి వెళ్ళింది. నాలుగోది ఎవరికో ఎవరూ చెప్పడం లేదు. నాకైతే రాలేదు.

నేను టూరిజంలో డిగ్రీ చేసినవాణ్ణి. నాకేం బాధ లేదు.

బాధ లేదని ఇంకో మూడు పేజీలు రాసి చింపేశాను.

ఫిబ్రవరి 7, బుధవారం.

బాధ లేదు.

ఫిబ్రవరి 8, గురువారం.

మోంటెర్రే నుంచి ఒక క్లయింటు వాట్సాప్‌లో పద్నాలుగు ప్రశ్నలు పంపాడు. పదకొండోది: నిప్పు ఆథెంటిక్‌గా ఉంటుందా, లేక గ్యాస్ వాడతారా?

ఫిబ్రవరి 9, శుక్రవారం. యాష్‌విత్స్. సాయంత్రం ఏడు.

వచ్చాం. తొమ్మిదిమందీ ప్రాణాలతో ఉన్నారు. ఇందులో డ్రైవర్ ప్రమేయం ఏమీ లేదు.

ఎనిమిదిమంది సాధుజీవులు. తొమ్మిదోవాడే ఆ పద్నాలుగు ప్రశ్నల ఇంజనీర్ ఎవరిస్తో గార్సా. ఉక్కు ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. వయసు అరవై ఏడు, ఒంటి మీద గళ్ళ చొక్కా, కుడి మోకాలు టైటానియం, చేతిలో నోట్‌బుక్. జావ ఆథెంటికేనా? ఆ కుక్క ఆథెంటికేనా? కుక్క సంగతి కుక్కనే అడగండి సార్ అన్నాను. అది కూడా రాసుకున్నాడు.

బస ఊరి చివర అద్దె గదుల్లో. నేను పెదనాన్న ఇంటికి వెళ్ళలేదు. పనుంది కదా. సీనియర్ని.

ఐదింటికి అకుష్తిన్ తాత వచ్చాడు. పండగ తంతులన్నీ పెదనాన్నకి దగ్గరుండి చెప్పే పెద్దమనిషి. డెబ్బై ఎనిమిదేళ్ళు. వెనక ఇద్దరు, చేతిలో సీసా. పోయిన వారం నేనే పెదనాన్నకి ఫోన్ చేసి, మా గ్రూపుకి ఎవరైనా వచ్చి మన పద్ధతిలో స్వాగతం చెబితే బాగుంటుందన్నాను. ఇంత సీరియస్‌గా తీసుకుంటాడనుకోలేదు. తాత ఏకంగా మోకరిల్లాడు. క్లయింట్లు ఊపిరి బిగబట్టారు.

మాటలు మొదలయ్యాయి. చిన్నప్పట్నుంచీ వింటున్నవే. ప్రతి ముక్కా రెండేసిసార్లు: నీ పాదాల ముందు, నీ చేతుల ముందు, అలిసిపోయి వచ్చాను, వగరుస్తూ వచ్చాను. వ్యాన్ కిటికీ పక్కనుంచి పోయే చెట్లలాగా నా చెవి పక్కనుంచి పోతుంటాయి. క్లయింట్లకి అడ్డంగా ఉన్నానని పక్కకి జరిగాను. తాత మోకాళ్ళ మీదే నా వైపు తిరిగాడు. ఇటు జరిగాను. మళ్ళీ నా వైపే. ముసలాయనకి స్టేజ్ సెన్స్ బొత్తిగా లేదు.

ఆయన ఏమంటున్నాడని గార్సా అడిగాడు. స్వాగతం అంటున్నాడని చెప్పాను. పావుగంట నుంచీ స్వాగతమేనా అన్నాడు. చాలా స్వాగతం సార్ అన్నాను.

తాత గ్లాసు నింపి నా ముందు పెట్టాడు. నేను డ్యూటీలో తాగను. గార్సా చేతికిచ్చాను. ఒక్క గుక్కలో దించేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తాత నన్ను చూశాడు, గార్సాని చూశాడు, పైకప్పుని చూశాడు. ఆయన్ని లేవదీయడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. ముగ్గురూ వెళ్ళిపోయారు.

గ్రాండ్ సక్సెస్. ఫైవ్ స్టార్స్ ఖాయం.

ఫిబ్రవరి 10, శనివారం. ఉదయం తొమ్మిది.

ఫైవ్ స్టార్స్ కాదు.

పెద్దమ్మ లోషా పొద్దున్నే పిండి చేతులతో వచ్చింది. నీ చదువు మండా, నీకు బుర్ర లేదని తెలుసు గానీ చెవులు కూడా లేవట్రా షలిక్ అని మొదలుపెట్టింది. నాలుగో జెండా నీదేరా వెధవా అంది. అక్టోబర్ నుంచీ నీదే. ముసలాయన రెండుసార్లు కాంబి వ్యానెక్కి పట్నం వచ్చాడు, రెండుసార్లూ నువ్వు ఎవరికో జలపాతం చూపించడానికి పోయావు. నీ ఇంటికి నువ్వు రావాలంటే నీకూ ప్యాకేజీ కట్టాలా? పోనీలే, ఊళ్ళోకి దిగాడు కదా అని ఆ పెద్దాయన మోకాళ్ళు అరగదీసుకుని నిన్ను బతిమాలుతుంటే, గ్లాసు తీసుకెళ్ళి ఆ గళ్ళ చొక్కాకి పోస్తావా?

నేను నోరు తెరిచాను. మాట్లాడకు, మాట్లాడితే దానికి కూడా స్వాగతమని అర్థం చెబుతావు అంది. వెళ్ళిపోయింది. తలుపు మీద ఐదు వేళ్ళ పిండి ముద్ర ఉంది.

దీనికి ఒక జోకు ఉండాలి. వెతుకుతున్నాను.

అదే రోజు. మధ్యాహ్నం నాలుగు.

పెదనాన్న ఇంటికి వెళ్ళాను. వాకిలంతా దేవదారు ఆకులు పరిచారు. మూడు బానల్లో జావ ఉడుకుతోంది. మూడు జెండాలు గోడకి ఆనించి ఉన్నాయి, మూడింటికీ పక్కన మనుషులున్నారు. నాలుగోది ఒంటరిగా ఉంది.

పెదనాన్న తిట్టలేదు. తిన్నావా అన్నాడు. అంతే. తిట్టేవాళ్ళకి ఎలా జవాబు చెప్పాలో నాకు ఇరవై మూడేళ్ళుగా ప్రాక్టీసు ఉంది. ఇలాంటివాళ్ళకి లేదు.

జరిగింది పొరపాటు కాబట్టి జెండా నేనే పడతానన్నాను. అకుష్తిన్ తాత తల అడ్డంగా ఊపాడు. మాట గ్లాసులో పోశాను, గ్లాసుతోపాటే పోయింది, తాగినవాడిదే జెండా అన్నాడు. ఆయనకి మోకాలు టైటానియం తాతా అన్నాను. నాకు అది కూడా లేదు అన్నాడు.

ఒక్కటే దారట. తాగినవాడు తనంతట తాను వదలాలి. అలా వదలమని నేనే వెళ్ళి అడగాలి. ఎలా అడిగారో అలాగే: సీసాతో, మోకాళ్ళ మీద, ఆ మాటలతో. అది కూడా మన భాషలోనే. ఆయనకి అర్థం కాదు కదా అన్నాను. నిన్న నీకు అర్థమైందా అన్నాడు తాత.

వాకిట్లో అందరూ నవ్వారు. పెదనాన్న నవ్వలేదు. ఆయన నాలుగో జెండా వైపు చూస్తున్నాడు.

ఫిబ్రవరి 11, ఆదివారం. ఉదయం పది.

ముందు స్పానిష్‌లో చెప్పి చూద్దామనుకున్నాను. మనిషి ఇంజనీరు, లాజిక్ ఉంటుంది. జరిగిందంతా వరసగా చెప్పాను. గార్సా కళ్ళు వెలిగాయి. అంటే నేను నిజంగానే అందులో ఉన్నానన్నమాట అన్నాడు. లేరు సార్, అది పొరపాటు అన్నాను. తాగాను కదా అన్నాడు. మంట సార్ అన్నాను. నలభై ఏళ్ళు కొలిమి దగ్గర పనిచేశానయ్యా, మంట గురించి నువ్వు నాకు చెబుతావా అన్నాడు.

మోకాలు గుర్తుచేశాను. టైటానియం పదహారు వందల డిగ్రీల దాకా కరగదన్నాడు. మిగతా మనిషి సంగతేమిటని అడిగాను. మిగతా మనిషి వస్తాడన్నాడు.

తల ప్రాణం తోకకొచ్చింది. డోన్యా ఒఫెలియాకి ఫోన్ చేశాను. క్లయింటుకి ఏమైనా అయితే నీ గైడ్ లైసెన్సు నేనే పొయ్యిలో పెడతానంది. రెండు నిమిషాలకి మళ్ళీ ఆవిడే చేసింది: ఏమీ కాకపోతే, వచ్చే ఏడు దీన్ని ప్యాకేజీలో కలపొచ్చా?

మధ్యాహ్నం రెండు.

గార్సా చీపురు భుజాన పెట్టుకుని గుడి ముందు పరుగు ప్రాక్టీసు చేస్తున్నాడు. ఇద్దరు క్లయింట్లు టైమ్ చూస్తున్నారు.

సాయంత్రం ఐదు.

మా రొమిన్ బావ ఈ ఏడు కోతి వేషం కట్టాడు. బొచ్చు టోపీ, ఎర్ర అంచు నల్ల కోటు, చేతిలో కొరడా. కార్నివాల్‌లో కోతులకి ఎవరినైనా ఏమైనా అనే హక్కుంది. మామూలు రోజుల్లో కూడా బావ ఆ హక్కు వదులుకోడు.

గొడుగు ఒకటి పైకెత్తి పట్టుకుని మూడు గొర్రెల్ని వెంటేసుకుని సంతంతా తిప్పాడు. ఇటు రండి సార్, ఎడమవైపు గోడ, కుడివైపు కూడా గోడ, ఇది చాలా ప్రాచీనమైన గోడ, మా మామ పోయిన నెలే కట్టాడు. ఒక గొర్రె మే అంది. అంటే ఏమిటని ఇంకో కోతి అడిగింది. స్వాగతం అంటోంది సార్, చాలా స్వాగతం అన్నాడు బావ.

సంత సంతంతా పొట్ట పట్టుకుంది. మా అన్నలు నేల మీద దొర్లారు. నేనూ నవ్వాను, గైడుకి హుందాతనం ముఖ్యం కాబట్టి. బావ దగ్గరికొచ్చి, నవ్వు బాగానే ఉంది బావమరిదీ, మంగళవారం నాలుగో జెండా ఎక్కడుందని జనం అడిగితే కూడా ఇలాగే నవ్వు అన్నాడు చెవిలో.

అది వేషం మాట కాదు.

ఫిబ్రవరి 12, సోమవారం. ఉదయం ఎనిమిది.

నాకు ఆ మాటలు రావు. ఈ నిజాన్ని చరిత్ర కోసం నమోదు చేస్తున్నాను. ‘మాయా కర్మకాండ భాషలో ద్విపద నిర్మాణం’ అనే పేపర్లో నాకు తొంభై రెండు మార్కులు వచ్చాయి. మొదటి వాక్యం తర్వాత రెండోది ఏమిటో తెలీదు.

పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె రోటి దగ్గర మొక్కజొన్న నూరుతోంది. ఆమె చెబుతుంది, నేను అప్పజెప్పాలి. తప్పితే పిండి చిమ్ముతుంది. నా చిన్న మట్టి, నా చిన్న బూడిద అంది. నా చిన్న మట్టి, నా చిన్న దుమ్ము అన్నాను. పిండి పడింది. బూడిదకీ దుమ్ముకీ తేడా తెలీనివాడివి జనానికి దేశం చూపిస్తావా అంది.

మధ్యాహ్నానికి సగం వచ్చాయి. ఒళ్ళంతా పిండితో ఉన్న నన్ను చూసి మా మేనత్త కొడుకు, నిన్నెవర్రా రొట్టె చేసింది అన్నాడు.

సాయంత్రం ఆరు.

గార్సాతో చివరి ప్రయత్నం. ఊళ్ళో డాక్టరు పోస్టు ఖాళీగా ఉందని, అంబులెన్స్ రావాలంటే గంట పడుతుందని చెప్పాను. అబద్ధం కాదు. ఆయన నోట్‌బుక్ మూశాడు. నీకో మాట చెబుతాను విను అన్నాడు. ఫ్యాక్టరీలో నా కింద నాలుగు వందలమంది. రిటైరయ్యాక ఇంట్లో నన్నెవరూ ఏదీ అడగలేదు, ఉప్పు అందించమని తప్ప. మొన్న ఆ పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని పావుగంట అడిగాడు. ఏం అడిగాడో నాకు తెలీదు. కానీ అడిగాడు.

ఆయన అడిగింది నన్ను సార్ అని నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. నాలుగు నెలలు ఎవరూ అడగలేదని పేజీలు చింపుకున్నవాణ్ణి నేను. ఈ మనిషికి నేనేం చెప్పగలను?

విసుగొస్తోంది. ముఖ్యంగా ఈ డైరీ రాసేవాడి మీద.

ఫిబ్రవరి 13, మంగళవారం. ఉదయం పదకొండు.

గడ్డి పరుస్తున్నారు. గుడి మెట్ల దగ్గర్నుంచి శిలువ దాకా. ఇంకో రెండు గంటలు.

ఎనిమిదింటికి సీసా పట్టుకుని గార్సా గదికి వెళ్ళాను. పక్కన ఎవరూ ఉండకూడదనుకున్నాను. వాకిట్లో అకుష్తిన్ తాత, పెదనాన్న, పెద్దమ్మ, కోతి వేషంలో బావ, మిగతా ఎనిమిదిమంది క్లయింట్లు ఉన్నారు. సరే.

మోకరిల్లాను. సిమెంటు నేల చల్లగా ఉంది. గార్సా కంగారుపడి లెమ్మన్నాడు. లేవలేదు. నీ పాదాల ముందు, నీ చేతుల ముందు అని మొదలుపెట్టాను. ఆయన పెన్ను తీశాడు. ఒక పేజీ తిప్పాడు. ఏం రాయాలో తెలియక పెన్ను లోపల పెట్టేశాడు.

అలిసిపోయి వచ్చాను, వగరుస్తూ వచ్చాను. నా చిన్న మట్టి, నా చిన్న బూడిద. పావు వంతు దాటాక ఒక విచిత్రం జరిగింది. ఆ మాటలు నాకు వినిపించాయి. శుక్రవారం తాత నన్ను ఏం అడిగాడో అప్పుడు తెలిసింది: నీ తాత నడిచిన చోట, నీ తండ్రి నడిచిన చోట, నీ పాదం లేక దారి సగమైంది, నీ చెయ్యి లేక బరువు ఒరిగింది. వాటినే నేను స్వాగతం అన్నాను.

సరిగ్గా అక్కడ మర్చిపోయాను. తర్వాతి ముక్క రాలేదు. పెద్దమ్మ వైపు చూడకూడదు, చూస్తే చెల్లదు. గార్సా కదల్లేదు. ఏమంటున్నావని అడగలేదు. గడియారం చూసుకోలేదు. అలాగే వంగి నా మొహంలోకి చూస్తూ ఎదురుచూశాడు. నేను శుక్రవారం పావుగంటలో ఒక్క క్షణం కూడా తాతని అలా చూడలేదు.

చివరికి నోటికొచ్చింది నేనే కట్టాను. అక్టోబర్ నుంచి కిటికీ చూశాను, అక్టోబర్ నుంచి తలుపు చూశాను. బాధ లేదని చెప్పాను, బాధ లేదని రాశాను. ఇది పెద్దల మాట కాదు. కానీ రెండేసి ముక్కలుగానే ఉంది. వెనక తాత దగ్గాడు. అభ్యంతరం చెప్పే దగ్గు కాదు.

అయిపోయింది. గ్లాసు నింపి ఆయన ముందు పెట్టాను.

గార్సా గ్లాసు ఎత్తి వెలుగులో చూశాడు. ఇది తాగితే నేను పరిగెత్తనట్టేనా అని అడిగాడు. అవునన్నాను. నువ్వు పరిగెత్తుతావా? అవును. అడిగింది నన్నేనా, ఈసారి పొరపాటేం లేదు కదా? మిమ్మల్నే సార్ అన్నాను. మిమ్మల్ని తప్ప ఎవరినీ అడగలేను.

తాగేశాడు. గ్లాసు బోర్లించాడు. నా చెయ్యి పట్టుకుని లేపబోయాడు, టైటానియం మొరాయించింది. ఇద్దరినీ కలిపి బావ లేపాడు. వేషంలో ఉన్న కోతి ఏడవకూడదు. అందుకని ముక్కు తుడుచుకుని, చూశారా, ఇద్దరు ముసలాళ్ళు అన్నాడు.

అకుష్తిన్ తాత గార్సాతో ఏదో అన్నాడు. గార్సా నా వైపు తిరిగాడు. మీకు ఒక పనుందట సార్ అన్నాను. పరిగెత్తేవాళ్ళ టోపీలు పట్టుకోవాలి. కింద పెట్టకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు, అయిపోయేదాకా కూర్చోకూడదు. ఒక్క ముక్క కూడా వదలకుండా చెప్పాను.

సాయంత్రం ఐదున్నర.

అక్షరాలు పక్కకి వాలుతున్నాయి. జెండా బరువుగా ఉంటుందని అందరూ చెప్పారు. ఎంత బరువో ఎవరూ చెప్పలేదు. కొనకున్న ఇనుము గాలికి ఒకవైపు లాగుతుంది. అంటించగానే గడ్డి ఒక్కసారిగా లేచింది, ఆవులించినట్టు. ముందు పెదనాన్న. మా అన్నలు. మేనత్త కొడుకు, వాడు అస్సలు తడబడలేదు, గాడిద కొడుకు. చివర నేను. మొదటిసారి ఏమీ కనపడలేదు, పొగ. గైడు గారూ, ఎడమవైపు ఏముంది అని కోతులు అరుస్తున్నాయి. నిప్పురా అని అరిచాను. కుడివైపో? అదేరా!

రెండోసారి జెండా ఒరిగింది. ఒరిగిందని ఊరంతా ఒక్క గొంతుతో అయ్యో అనడం వినిపించింది. మోచేత్తో ఎత్తాను. మూడోసారి ఏమైందో గుర్తులేదు. కాళ్ళకి గుర్తుంటుందేమో. శిలువ దగ్గర ఆగాక చూస్తే నాలుగు జెండాలూ నిలబడి ఉన్నాయి. ఒకటి నా చేతిలో ఉంది.

పెదనాన్న వచ్చి జెండా అందుకున్నాడు. పదిహేడేళ్ళు ఎదురుచూసిన మనిషి, ఏదో ఒకటి అంటాడనుకున్నాను. చెప్పులు అంటుకున్నాయి, చూసుకో అన్నాడు.

నిజంగానే అంటుకున్నాయి. అవి ఆర్పుతుంటే, అవతల గట్టు మీద గార్సా ఐదు టోపీలూ గుండెకి హత్తుకుని, ఒంటికాలి మీద బరువేసి నిలబడి ఉన్నాడు. ఎవరో కుర్చీ ఇచ్చారు. కూర్చోలేదు. మా టోపీలు మాకు ఇచ్చేటప్పుడు ఒక్కొక్కటీ దులిపి ఇచ్చాడు.

ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నాకు భయమేసింది, ఆయన నుదురు పట్టుకుని చూశాను. జ్వరం లేదు.

ఫిబ్రవరి 14, విభూది బుధవారం.

పెద్దమ్మ ఇంట్లో పడుకున్నాను. నిద్రలో కూడా పరిగెత్తానట. కాళ్ళు ఆడించి దుప్పటి తన్నేశానట. ఎన్నిసార్లు అని అడిగాను. నాలుగుసార్లు, లెక్కపెట్టాను అంది.

మూడేగా ఉండాలి. నాలుగోది ఇంజనీరుదయ్యుంటుంది.